నిద్రపోతున్నా లేపు తల్లీ

అమ్మలూ,

పురిటికి పుట్టింటికి రావట్లేదని, హైదరాబాద్‌లో మీ ఇద్దరే బిడ్డను చూసుకుంటారని మీ అమ్మ చెప్పింది. నీ ధైర్యానికి గర్వంగానే ఉంది. కానీ డెలివరీ మే నెలలో అనగానే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పుట్టిన గంటలోపే పాలు పట్టు. ముర్రుపాలు పారబోయకు. రోజుకు 8 నుంచి 12 సార్లు ఇవ్వాలి. ఇవన్నీ డాక్టర్లు చెబుతారులే.

నా కొడుకు, మీ అన్న పుట్టిందీ మేలోనే, మన రెంటచింతల ఎండల్లో. మూడో రోజు నుంచి ఏడుపే లేదు. ఎంత బుద్ధిమంతుడో అని చూడ్డానికొచ్చిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. లేపి పాలివ్వాలని తోచలేదు, నాకు పాలు సరిగ్గా పడలేదనీ తెలియలేదు. నాలుగో రోజు గుడ్డ మీద ఇటుక పొడి రంగు మరక కనిపిస్తే వేడి చేసిందన్నారు, ఊరుకున్నాను. ఆ రాత్రి ఒళ్లు కాలింది. పొద్దున చూద్దామనుకున్నాను. తెల్లారేసరికి నోరు ఎండి, మాడు గుంట పడి, రొమ్ము నోట్లో పెట్టినా కదల్లేదు. మూడు కిలోల పిల్లాడు రెండున్నరకు దిగాడు. "నిన్నటి నుంచి ఎన్నిసార్లు ఒంటేలు పోశాడమ్మా?" అంది డాక్టరమ్మ. చెప్పలేకపోయాను. ఒంట్లో నీరు తగ్గి రక్తంలో ఉప్పు పెరిగిందట. సెలైన్ గబగబా ఎక్కిస్తే మెదడు వాస్తుందని చుక్క చుక్కగా పెట్టారు. వాడికిప్పుడు పిల్లలున్నారు. అయినా వాడు కదలకుండా పడుకుంటే నాకు గుండె ఝల్లుమంటుంది.

అందుకే లెక్క పెట్టమంటున్నాను. మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, అలా పెరిగి ఐదారు రోజులకల్లా రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా తడపాలి. డైపర్‌లో తడి తెలియదు, మొదటి వారం గుడ్డలే వాడు. క్యాలెండర్ మీద గీతలు పెట్టే పని మీ ఆయనకు అప్పజెప్పు. పాలిచ్చి మూడు గంటలైతే అరికాళ్లు నిమిరి లేపు. ఏడుస్తుంటే కన్నీళ్లు రాలేదని కంగారు పడకు, ఆ వయసులో మామూలే. బరువు పదో వంతు తగ్గితే మాత్రం వెంటనే చూపించు.

ఎండలని ఎవరైనా చెంచాడు నీళ్లు పట్టమంటారు, ప్రేమతోనే. వద్దను. ఆరు నెలల దాకా నీ పాలలో ఉన్న నీరే చాలు. విడిగా నీళ్లు పోస్తే ఒంట్లో ఉప్పు పడిపోయి ఫిట్స్ రావచ్చు. ఆ నీళ్లేవో నువ్వు తాగు.

జ్వరం తగిలినా, లేపినా లేవకపోయినా, తడిపే లెక్క తగ్గినా, ఐదారు రోజులు దాటాక ఆరు గంటలు గుడ్డ తడవకపోయినా, రాత్రయినా సరే ఆస్పత్రికి పరిగెత్తండి. నాలా తెల్లారేదాకా ఆగొద్దు.

నా పాత నేత చీరలు చించి ముప్పై పొత్తిగుడ్డలు కుట్టాను. ఉతికి, ఆరేసి పార్సిల్ పంపుతున్నాను. ఫోన్ నా దిండు పక్కనే ఉంటుంది.

మీ పెద్దమ్మ