నామంలో ఎర్ర గీత ఒక్కటే ఎందుకు ఉబ్బింది?

ప్రశ్న: నా వయసు 27. నిరుడు ముంజేతి మీద శ్రీవారి తిరునామం టాటూ వేయించుకున్నాను. అంచు నలుపు, లోపల తెలుపు, నడుమ ఎర్ర గీత. పుండు మానాక చాలా నెలల పాటు ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు ఎర్ర గీత మాత్రమే ఉబ్బి, గట్టిపడి, నిద్ర పట్టనంతగా దురద పెడుతోంది. మందుల షాపులో ఇచ్చిన క్రీము రాస్తే తగ్గుతోంది, మానితే మళ్ళీ వస్తోంది. దేవుడి గుర్తును ఒంటి మీద పొడిపించుకోవడం అపచారమని ఇంట్లో పెద్దలు అంటున్నారు. మా అవ్వకు చేతుల నిండా పచ్చబొట్లే, ఆమెకు ఎన్నడూ ఏమీ కాలేదు. లేజర్‌తో తీయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: లేజర్ ఆలోచనను ప్రస్తుతానికి మానుకోండి. అది ఎందుకో చెప్పే ముందు మీ చేతి మీద జరుగుతున్నదేమిటో చూద్దాం.

నలుపును, తెలుపును వదిలి ఎరుపు ఉన్న మేరకే చర్మం ఉబ్బిందన్న మీ మాటలోనే సగం రోగ నిర్ధారణ ఉంది. ఇది చాలా వరకు ఆ రంగు పడకపోవడం వల్ల వచ్చిన అలర్జీ. టాటూ రంగుల్లో ఈ పేచీ ఎక్కువగా పెట్టేది ఎరుపే. పూర్వం ఎరుపు కోసం పాదరసం, గంధకం కలిసిన ఇంగిలీకాన్ని వాడేవారు. ఇప్పుడు వాడేవి ఎక్కువగా ‘అజో’ వర్గానికి చెందిన కృత్రిమ రంగులు. సూది ఆ రంగును పై పొర దాటించి లోపలి పొరలో దించుతుంది, అక్కడి రక్షణ కణాలు దాన్ని మింగి అట్టే పెట్టుకుంటాయి. కాలం గడిచే కొద్దీ, ఎండ తగిలే కొద్దీ రంగులో కొంత భాగం విచ్ఛిన్నమై, అలా పుట్టిన పదార్థాలు శరీరంలోని ప్రొటీన్లతో కలిసినప్పుడు రోగనిరోధక వ్యవస్థ వాటిని శత్రువులుగా గుర్తిస్తుందని భావిస్తున్నారు. నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత ఈ దద్దు రావడానికీ, వీపు మీద రంగు అంటించి చేసే ప్యాచ్ పరీక్షలో తరచూ ఏమీ తేలకపోవడానికీ కారణం ఇదే కావచ్చు.

పెద్దల మాటకు వస్తే, ఇదే ఎరుపుతో గులాబీ పువ్వు వేయించుకున్న వారికీ ఇదే దద్దు వస్తుంది. మీ అవ్వగారి పచ్చబొట్లలోని రంగు మసి, అంటే కార్బన్. దానికి అలర్జీ రావడం అరుదు. అలాగని పాత పద్ధతే మేలని చెప్పలేను, ఒకే సూదితో పది మందికి పొడిస్తే కామెర్ల క్రిములు ఒకరి నుంచి ఒకరికి చేరతాయి.

ఇక లేజర్ సంగతి. లేజర్ కిరణం రంగును సన్నని తునకలుగా పగలగొడుతుంది, ఆ తునకలు శరీరంలోకి వ్యాపిస్తాయి. అలర్జీ ఉన్నవారిలో దీనివల్ల ఒళ్ళంతా దద్దుర్లు రావచ్చు, అరుదుగా ఊపిరి ఆడని ప్రమాదకర స్థితి కూడా ఏర్పడవచ్చు. పైగా మీ నామంలోని తెలుపు సాధారణంగా టైటానియం డయాక్సైడ్. లేజర్ తగిలితే అది నల్లబడే అవకాశం ఉంది.

రుయా ఆసుపత్రి చర్మ విభాగంలోనో, మీకు తెలిసిన చర్మవ్యాధి నిపుణుల దగ్గరో చూపించుకోండి. వారు చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపవచ్చు, దాన్ని వద్దనకండి. కలుషితమైన రంగు ద్వారా చేరే క్షయ జాతి క్రిములు కూడా ఆ రంగు మేరకే పొక్కులు లేపగలవు, అయితే అవి ఎక్కువగా తొలి వారాల్లోనే బయటపడతాయి. అలర్జీయేనని తేలితే ముందు ఘాటైన స్టెరాయిడ్ పూత, దానికి లొంగకపోతే కొన్ని వారాలకొకసారి ఉబ్బులోకే స్టెరాయిడ్ సూది వేస్తారు. అప్పటికీ తగ్గకపోతే ఎర్ర గీత ఉన్న పొరను శస్త్రచికిత్సతో చెక్కి తీస్తారు, రంగు లోపల ఉన్నంత కాలం దద్దు తిరగబెట్టవచ్చు కాబట్టి. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన షాపు క్రీములను సొంతంగా నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, లోపల ఏదైనా ఇన్ఫెక్షన్ ఉంటే అది కనబడకుండా పోతుంది. పగలు బయటికి వెళ్ళేటప్పుడు నిండు చేతుల చొక్కా వేసుకోండి. ఎరుపే కాదు, ఎరుపు కలిసిన గులాబీ, ఊదా రంగులతోనూ మరో టాటూ వేయించుకోకండి.

ప్రశ్న: అక్క పెళ్ళిలో నా చేతులకు నల్ల మెహందీ పెట్టారు. మూడు నాలుగు రోజులకు డిజైన్ ఉన్నంత మేరా పొక్కులు లేచాయి. నాకు గోరింటాకు పడదనుకోవాలా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: గోరింటాకు మీద అనుమానం అక్కరలేదమ్మా. ఆకు పండితే ఎరుపో, నారింజో, ముదురు గోధుమ రంగో వస్తుంది తప్ప గంటలో కాటుక నలుపు రాదు. అలా నల్లగా రావడానికి తల రంగుల్లో వాడే పారాఫినైలిన్‌డయమిన్ అనే రసాయనాన్ని కలుపుతారు, మీకు పడనిది చాలా మటుకు అదే. పొక్కులను చిదపకుండా డాక్టరుకు చూపించండి. మానాక కొన్ని నెలలు మచ్చ ఉండవచ్చు. అసలు జాగ్రత్త పడవలసింది ఆ తర్వాతే, ఎందుకంటే ఈ అలర్జీ ఒకసారి వస్తే సాధారణంగా పోదు. రేపు జుట్టుకు రంగు వేసుకుంటే ముఖం, కళ్ళు వాచిపోవచ్చు కనుక, డబ్బా మీద ఆ రసాయనం పేరు ఉందేమో చూడండి, పార్లరులో ముందే చెప్పండి. ‘హెర్బల్’ అని రాసిన నల్ల హెన్నా పొడుల్లో కూడా అది ఉండవచ్చు.