మంచం పట్టిన రోజుల్లో గడియారం నీ చేతిలో ఉండాలి

అబ్బయ్యా, ఆశీస్సులు.

వెన్నుపూస విరిగి ఎనిమిది వారాలు పడుకోవాల్సి వచ్చిందని తెలిసింది. ధైర్యంగా ఉండమని నేను రాయను. ఆ మాట చెప్పేవాళ్లు రోజూ ఇంటికి వస్తూనే ఉంటారు. మంచం మీద మనిషిని నొప్పి కంటే ఎక్కువగా కుంగదీసేది, రోజంతా ఇంకొకరి చేతిలో ఉండటం.

తలవైపు ఎంత ఎత్తొచ్చు, బెల్టు ఎప్పుడు పెట్టుకోవాలి, కాళ్లు కదపొచ్చా, ఇవి డాక్టరు చేత కాగితం మీద రాయించుకో. మామూలు నడుంనొప్పికి రోజులకు రోజులు పడుకుంటే కీడే ఎక్కువ. నీది ఆ లెక్క కాదు.

రెండు గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రయినా సరే. ఫోనులో అలారం నువ్వే పెట్టుకో, పిలిచేదీ నువ్వే అవ్వాలి. తిప్పడానికి కనీసం ఇద్దరు కావాలి. మోకాళ్ల మధ్య దిండు పెట్టి, నీ కింద మడతేసిన దుప్పటి అంచు పట్టుకుని, భుజమూ తుంటీ ఒకేసారి, దుంగ దొర్లినట్టు తిప్పాలి. ముందు భుజం, తర్వాత నడుము అని తిప్పితే వెన్ను మెలి తిరుగుతుంది. పిక్కల కింద దిండు పెట్టి, మడమలు పరుపుకు తగలకుండా గాల్లో ఉంచాలి.

పొద్దునా సాయంత్రం మడమలు, తుంటి, నడుం కింది ఎముక దగ్గర టార్చి వేసి చూడమను. ఎర్రమచ్చను వేలితో నొక్కితే తెల్లబడాలి. తెల్లబడకపోతే పడకపుండుకు అదే మొదలు. ఇక ఆ వైపు పడుకోవద్దు, మచ్చను రుద్దనివ్వద్దు. రబ్బరు రింగు కూడా వద్దు, అది చుట్టూ ఒత్తి రక్తం ఆడనివ్వదు. గాలి పరుపు మీద పల్చటి దుప్పటి ఒక్కటే వెయ్యాలి. మన రోహిణి ఎండలకు చెమట పడితే ఒత్తి తుడవాలి గానీ, పౌడరు చల్లితే ముద్దకట్టి ఒరుసుకుంటుంది.

నీళ్లు తగ్గించమని డాక్టరు చెప్పకపోతే రోజుకు రెండు లీటర్లకు పైనే తాగు. బెడ్‌పాన్ పెట్టడానికి ఇంట్లోవాళ్లకు శ్రమని నీళ్లు మానుకునేవాళ్లే మలబద్ధకంతో అల్లాడిపోతారు. మీ కనిగిరి వైపు బోరు నీళ్లు మాత్రం వద్దు. అక్కడి ఫ్లోరైడ్ జబ్బును 1937లోనే వైద్యులు గుర్తించారు. మరగకాచినా ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇంకి ఇంకా చిక్కబడుతుంది.

మంచం కిటికీ పక్కకు జరిపించి, చట్రానికి చిన్న అద్దం వాల్చి కట్టించు. తల తిప్పకుండానే వీధి మలుపులో కూరగాయల బండి కనపడుతుంది. పాల లెక్క, కరెంటు బిల్లు, పిల్ల ఎక్కాలు నీ పనులు చేసుకో. చూడవచ్చేవాళ్లకు సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకానే అని చెప్పించు. "మా ఊళ్లో ఒకాయనకూ ఇట్లాగే అయింది" అని మొదలుపెట్టేవాళ్ల చేతికి పేపరిచ్చి చదవమను! ఇన్ని రోజులున్నాయని లెక్కపెట్టకు, వచ్చే ఎక్స్‌రే దాకా చూడు చాలు. తెల్లవారుజామున మూడింటికి వచ్చే ఆలోచనలకు అప్పుడే జవాబు వెతక్కు.

రెండు వారాలు నిద్ర పట్టక, ఏడుపు ఆగకపోతే 14416కి ఫోన్ చెయ్యి, మనసు బాగోలేనప్పుడు సాయానికి సర్కారు పెట్టిన నంబరది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. కూర్చునే చోట మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా, కాలు కొత్తగా బలం తప్పినా, ఒక పిక్క వాచినా, ఉన్నట్టుండి ఆయాసమొచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి చెయ్యి.

కోడలమ్మాయికి రాత్రిళ్లు నిద్ర ఉంటోందా? మధ్యరాత్రి రెండింటికి నిన్ను పక్కకు తిప్పడానికి ఇంకొకరిని కుదుర్చుకున్నావో లేదో ముందు అది రాయి.

మీ పెదనాన్న
నెల్లూరు