చలికాలంలో తులసి, కరివేపాకు కుండీలు: పెద్దవాళ్ళ పద్ధతా, కొత్త పద్ధతా?

చలి మొదలయ్యాక మీ బాల్కనీలో తులసి ఆకు రాలుస్తోందని, కరివేపాకు పసుపు పచ్చబడిందని రాశారు. ఇంట్లో పెద్దవాళ్ళేమో రోజూ నీళ్ళు, పుల్ల మజ్జిగ పొయ్యమంటున్నారు, నర్సరీ వాళ్ళేమో ఎరువు, గ్రో లైట్ (ఎండకి బదులు మొక్కకి పెట్టే లైటు) అంటున్నారు, ఎవరి మాట వినాలని అడిగారు.

మాది ఆదిలాబాద్. ఇక్కడ డిసెంబరు, జనవరిలో రాత్రిళ్ళు చాలాసార్లు 10 డిగ్రీల కిందికి దిగుతుంది, కాబట్టి ఈ బాధ నాకు బాగా తెలుసు. ముందు మీ మొక్క వేళ్ళు ఎందులో ఉన్నాయో చూడండి. పెద్దవాళ్ళు చెప్పేది పెరట్లో, నేలలో ఉన్న మొక్క సంగతి, అక్కడ రోజూ చెంబెడు పోసినా ఇంకిపోతాయి. మన ప్లాస్టిక్ కుండీలో, అందులోనూ కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఎక్కువ కలిపితే, పైన పొడిగా కనిపిస్తుంది కానీ లోపల తడి అలాగే ఉంటుంది, చలికి మొక్క నీళ్ళు తాగడం కూడా తగ్గుతుంది, ఇక వేరు కుళ్ళిపోతుంది. నేను చూసినంతవరకు చలికాలంలో తులసి ఎక్కువగా పోయేది చలికి కాదు, నీళ్ళకే. వేలు గుచ్చి చూసి, లోపల కూడా ఆరితేనే పొద్దుటిపూట పొయ్యండి. పూజకి రోజూ పొయ్యాలంటే ఉద్ధరిణెడు చాలు. తులసి పూల వెన్నులు ముదిరేదాకా ఉంచకుండా తుంచెయ్యండి.

కరివేపాకు ఈ కాలంలో ఎదగదు, కొంత ఆకు పసుపై రాలడం మామూలే. టెన్షన్ పడి ఎరువు వెయ్యకండి, మజ్జిగ కూడా ఇప్పుడు వద్దు, చలిలో మట్టి మీద బూజు కడుతుంది. ఫిబ్రవరి చివర్లో చిగురు మొదలయ్యాక మజ్జిగలో బాగా నీళ్ళు కలిపి పొయ్యొచ్చు. పేనుబంకకి (ఆకు రసం పీల్చే చిన్న పురుగులకి) ఆకుల మీద పలచగా బూడిద చల్లే పాత పద్ధతి నాకిప్పటికీ నచ్చుతుంది, కానీ కుండీలో గుప్పిళ్ళతో పొయ్యకూడదు, దాని క్షారగుణం వల్ల మొక్కకి ఇనుము సరిగా అందక ఆకు ఇంకా పసుపవుతుంది.

రాత్రి కప్పడానికి ప్లాస్టిక్ కవరు కంటే గోనెసంచే మేలు, పొద్దున్నే తీసెయ్యాలి.

గ్రో లైట్ అందరికీ అక్కర్లేదు. నాలుగైదు గంటలు ఎండ పడితే ఆ డబ్బు మిగుల్చుకోండి. డల్లాస్‌లో ఉండే మా చెల్లెలికి మాత్రం అది తప్పదు, మంచు పడకముందే కరివేపాకు కుండీని ఇంట్లో పెట్టుకుంటుంది, హీటర్ గాలి తగలకుండా దూరంగా.

కొత్తిమీరకి ఈ చలే కావాలి, ధనియాలు నలిపి ఇప్పుడే చల్లుకోండి.

ముందు కుండీల కింద ప్లేట్లు తీసేసి, మట్టి ఆరేదాకా నీళ్ళు ఆపండి. మట్టి కుళ్ళు వాసన వస్తుంటే మాత్రం ఆగకుండా మొక్కని తీసి, నల్లబడిన వేళ్ళు కత్తిరించి, ఇసుక కలిపిన మట్టిలో మళ్ళీ నాటండి.