లేని మాటలు వినపడటం ఆగింది.. ఇక మాత్రలు మానేయొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్లు. డిగ్రీ రెండో సంవత్సరం. ఎవరో తనను వెంటాడుతున్నారని, గోడ అవతల తన గురించే మాట్లాడుకుంటున్నారని ఆరు నెలల పాటు భయపడ్డాడు. సైకియాట్రిస్టు చూసి ఫస్ట్ ఎపిసోడ్ సైకోసిస్ (లేనివి ఉన్నట్టు అనిపించే మానసిక జబ్బు మొదటిసారి రావడం) అన్నారు. మూడు నెలలుగా రిస్పెరిడోన్ రోజుకు 4 మిల్లీగ్రాములు వాడుతున్నాడు. మాటలు వినపడటం ఆగిపోయింది. కానీ 7 కిలోల బరువు పెరిగాడు, ఒక్కచోట కూర్చోలేకపోతున్నాడు. ‘నాకు తగ్గిపోయింది, ఇక వేసుకోను’ అంటున్నాడు. మందులు ఆపినవాళ్లే ఏడేళ్ల తర్వాత బాగున్నారని ఒక పరిశోధన గురించి మేమూ చదివాం. ఆపేయొచ్చా? మళ్లీ కాలేజీకి వెళ్లగలడా?
- ఒక తల్లి

జవాబు: ఇప్పుడు ఆపకండి. అలాగని ఇదే డోసు ఇలాగే వాడుతూ పొమ్మని కూడా చెప్పను. మీ ప్రశ్నలో రెండు విషయాలు కలిసిపోయాయి. మందు అవసరమా అన్నది ఒకటి, ఈ డోసు అతనికి ఎక్కువైందా అన్నది ఇంకొకటి. రెండోది సరిచేస్తే ‘ఇక వేసుకోను’ అన్న పేచీ చాలావరకు తగ్గుతుంది.

ముందు మీరు చదివిన పరిశోధన సంగతి. అది నెదర్లాండ్స్‌లో వుండరింక్ బృందం చేసింది అయ్యుంటుంది. మొదటిసారి సైకోసిస్ వచ్చి, లక్షణాలు తగ్గి ఆరు నెలలు నిలకడగా ఉన్న 131 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపు మందు కొనసాగించింది. రెండో గుంపు డాక్టర్ల పర్యవేక్షణలో నెమ్మదిగా తగ్గించుకుంటూ, వీలైతే ఆపేసింది. 18 నెలల్లో తగ్గించుకున్నవారిలో 43 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది, కొనసాగించినవారిలో 21 శాతం మందికి. పూర్తిగా ఆపేసి నిలదొక్కుకున్నది తగ్గించుకున్న గుంపులో సుమారు ఐదో వంతే. ఏడేళ్ల తర్వాత వారిలో 103 మందిని మళ్లీ చూస్తే లెక్క తిరగబడింది. తగ్గించుకున్న గుంపులో 40 శాతం, కొనసాగించిన గుంపులో 18 శాతం మంది కోలుకుని, రోజువారీ పనులు బాగా చేసుకుంటున్నారు. 2013లో ఇది వెలువడగానే ‘మందులు ఆపితేనే మేలు’ అని ప్రచారమైంది.

హాంకాంగ్ పరిశోధనకు అంత ప్రచారం రాలేదు. అక్కడ కనీసం ఏడాది మందు వాడి పూర్తిగా తేరుకున్న 178 మందిలో సగం మందికి క్వెటియాపిన్ అనే సైకోసిస్ మందు 400 మిల్లీగ్రాములు, మిగతా సగానికి మందులేని ఉత్తుత్తి మాత్ర ఏడాది పాటు ఇచ్చారు. పదేళ్ల తర్వాత చూస్తే మందు ఆగిన గుంపులో 39 శాతం, కొనసాగిన గుంపులో 21 శాతం మంది పరిస్థితి బాగాలేదు. అంటే జబ్బు వదలకపోవడం, వేరే మందులు పనిచేయనప్పుడు ఇచ్చే క్లోజపిన్ దాకా వెళ్లాల్సి రావడం, ఆత్మహత్య వంటివి. నేను ఈ ఫలితానికే ఎక్కువ విలువిస్తాను. ఎవరు ఏ మాత్ర వేసుకుంటున్నారో రోగికీ డాక్టరుకూ తెలియకుండా నడిపిన ప్రయోగం అది. డచ్ అధ్యయనంలో 18 నెలల తర్వాత ఎవరి చికిత్స వారి ఇష్టం. ఇక మీకు అసలు కావలసిన మాట: ఈ రెండింట్లో ఏదీ మూడు నెలలకే మందు ఆపినవాళ్ల మీద చేసింది కాదు.

డోసు సంగతికి వద్దాం. మొదటిసారి జబ్బు పడినవాళ్ల మెదడు ఈ మందులకు చాలా సున్నితంగా స్పందిస్తుంది. కెనడాలో శితిజ్ కపూర్ బృందం మొదటి ఎపిసోడ్ రోగులకు హాలోపెరిడాల్ అనే పాత సైకోసిస్ మందు తక్కువ డోసులో ఇచ్చి, మెదడుకు పెట్ స్కాన్ తీసింది. ఈ మందులు వెళ్లి అతుక్కునే చోట్లయిన డోపమైన్ డీ2 గ్రాహకాల్లో 65 శాతం నిండేసరికి మందు పనిచేయడం మొదలైంది. 72 శాతం దాటితే ప్రొలాక్టిన్ హార్మోను పెరిగింది. 78 శాతం దాటితే ఒళ్లు బిగుసుకోవడం, కాళ్లు ఆడించకుండా ఉండలేకపోవడం వచ్చాయి. అంటే మేలు మొదలయ్యే చోటుకూ కీడు మొదలయ్యే చోటుకూ మధ్య జాగా కొంచెమే. అందుకే కుర్రాళ్లకు రిస్పెరిడోన్ అర లేదా ఒక మిల్లీగ్రాముతో మొదలుపెట్టి, చాలామందిలో 2, 3 దగ్గర ఆపుతాం. 4 తప్పు కాదు గానీ మీ అబ్బాయికి అది మోతాదు మించినట్టే కనిపిస్తోంది.

కూర్చోలేకపోవడాన్ని అకథీసియా అంటారు. ఒంట్లో ఏదో తరుముతున్నట్టు ఉంటుంది. లేచి తిరుగుతాడు, కూర్చుంటే కాళ్లు ఆడిస్తాడు, చిరాకు పడతాడు. దీన్ని ‘జబ్బు ముదురుతోంది’ అనుకుని డోసు పెంచేయడం మా వృత్తిలో తరచూ జరిగే పొరపాటు. పెంచినకొద్దీ అదింకా ఎక్కువవుతుంది. అది భరించలేక ప్రాణం తీసుకోవాలనిపించిన వాళ్లూ ఉంటారు కాబట్టి తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, ఈ వారమే డాక్టరుకు చెప్పండి. ఆయన 4 నుంచి 3కు, కొన్ని వారాలు చూసి ఇంకా తగ్గించవచ్చు. ఆస్తమా లేకపోతే అకథీసియాను తగ్గించే ప్రొప్రనలాల్ మాత్ర కలపవచ్చు. రిస్పెరిడోన్ బదులు అరిపిప్రజోల్ అనే మరో సైకోసిస్ మందుకు మార్చడం ఇంకో దారి. బరువు విషయంలో అది నయం. కానీ దానితోనూ అకథీసియా రావచ్చు, కాబట్టి మార్చగానే అంతా సర్దుకుంటుందని అనుకోవద్దు.

బరువు గురించి ‘మందు మహిమ, తప్పదు’ అని ఊరుకోకూడదు. మొదటి ఆరు వారాలు వారానికోసారి బరువు చూడాలి. మొదలుపెట్టే రోజునా, 12 వారాలకూ, ఆ తర్వాత ఏడాదికోసారీ నడుము చుట్టుకొలత, బీపీ, పరగడుపు షుగర్ లేదా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), కొలెస్ట్రాల్ చూడాలి. మీకు ఇవి చేయకపోయి ఉంటే అడిగి చేయించుకోండి. చైనాలో ఇలా బరువు పెరిగిన 128 మంది మొదటి ఎపిసోడ్ రోగులపై 12 వారాల ప్రయోగం జరిగింది. రోజుకు 750 మిల్లీగ్రాముల మెట్‌ఫార్మిన్ (షుగర్ జబ్బుకు వాడే మాత్ర)తో పాటు తిండి, వ్యాయామం సరిచేసుకున్నవాళ్లే అందరికంటే బాగా తగ్గారు. 7 కిలోలంటే మెట్‌ఫార్మిన్ మాట డాక్టరుతో ఎత్తాల్సిన సమయం వచ్చినట్టే.

ఇంకో సంగతి అబ్బాయిలు అమ్మానాన్నలకు చెప్పరు. రిస్పెరిడోన్ ప్రొలాక్టిన్‌ను పెంచుతుంది. దానివల్ల రొమ్ములు ఉబ్బడం, లైంగిక కోరిక తగ్గడం, స్తంభన సమస్యలు రావచ్చు. ‘వేసుకోను’ వెనక ఉన్న అసలు కారణం చాలాసార్లు ఇదే. డాక్టరుతో ఒంటరిగా మాట్లాడే పది నిమిషాలు అతనికి ఇవ్వండి.

ఎంతకాలం అన్నదానికి: లక్షణాలు పూర్తిగా తగ్గిన రోజు నుంచి కనీసం ఏడాది, నా దృష్టిలో రెండేళ్లు మేలు. మీ అబ్బాయిలా ఆరు నెలలు చికిత్స లేకుండా గడిచినవాళ్లలో తొందరపడటానికి నేను ఇష్టపడను. చికిత్స ఆలస్యమైనకొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది. న్యూయార్క్‌లో 104 మంది మొదటి ఎపిసోడ్ రోగులను ఐదేళ్లు గమనిస్తే, మందు ఆపినప్పుడు జబ్బు తిరగబెట్టే ముప్పు దాదాపు ఐదు రెట్లు పెరిగింది. గంజాయి అలవాటు ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ. ఆ మాట గొడవ పడకుండా అడగండి, దాచుకునేలా చేయకండి.

మందు ఆపే రోజు వచ్చినప్పుడు కూడా ఒక్కసారిగా ఆపకూడదు. ఉన్న డోసులో పావు వంతు తగ్గించి ఒకటి నుంచి మూడు నెలలు చూడాలి. బాగుంటే అప్పుడున్న దానిలో మళ్లీ పావు. మామూలుగా జరిగే పొరపాటు చివర్లోనే. పైన 4 నుంచి 3కు దిగినప్పుడు గ్రాహకాల మీద తేడా కొంచెమే ఉంటుంది, 1 నుంచి సున్నాకు దిగితే పెద్ద తేడా. అందుకే చివరి మెట్లు మరీ చిన్నవిగా ఉండాలి. పరీక్షల ముందో, హాస్టల్ మారేటప్పుడో మొదలుపెట్టకూడదు.

తిరగబెట్టే ముందు చాలామందిలో మొదట చెడేది నిద్రే. ఆ తర్వాత అనుమానంగా చూడటం, ఫోన్ ఎత్తకపోవడం, తలుపు వేసుకుని కూర్చోవడం. గతంలో మీ అబ్బాయికి ఏ వరుసలో వచ్చాయో అతనితో కలిసి కాగితం మీద రాసుకోండి. ‘వరుసగా రెండు రాత్రులు నిద్ర లేకపోతే డాక్టరుకు ఫోన్’ అన్న ఒప్పందం ఇప్పుడే, బాగున్నప్పుడే చేసుకోవాలి. రోజూ మాత్ర గుర్తుచేయడమే ఇంట్లో యుద్ధంగా మారితే ఇంజెక్షన్ గురించి అడగండి. మొదటి ఎపిసోడ్ తర్వాత రెండు వారాలకోసారి రిస్పెరిడోన్ ఇంజెక్షన్ తీసుకున్నవారిలో ఏడాదిలో 5 శాతం మందికి, మాత్రలు వాడినవారిలో 33 శాతం మందికి జబ్బు తిరగబెట్టినట్టు 2015 నాటి అమెరికా అధ్యయనం చూపింది. చిన్న అధ్యయనమే. అయినా ఇంజెక్షన్ అంటే ‘ముదిరిపోయిన కేసులకే’ అన్న అపోహ పోవడానికి అది చాలు.

మందు ఒక్కటే చాలదు. అమెరికాలోని 34 క్లినిక్‌లలో 404 మందిపై జరిగిన రైజ్ అధ్యయనంలో తక్కువ డోసు మందు, వ్యక్తిగత కౌన్సెలింగ్, కుటుంబానికి శిక్షణ, చదువు-ఉద్యోగానికి తోడ్పాటు ఒకే బృందం చేతిలో పెట్టారు. రెండేళ్లలో వాళ్ల జీవన నాణ్యత మామూలు చికిత్స పొందినవారి కంటే బాగా మెరుగైంది. అలాంటి బృందం మీకు అందుబాటులో లేకపోయినా ఈ నాలుగింటిలో దొరికినవి దొరికినట్టు పట్టుకోండి. కుటుంబ కౌన్సెలింగ్‌కు అతను రానంటే మీరిద్దరైనా వెళ్లండి.

కాలేజీకి వెళ్లగలడు. కానీ మాటలు ఆగిన వెంటనే బుర్ర మునుపటిలా చురుగ్గా ఉండదు. ఏకాగ్రత, జ్ఞాపకం, ఉత్సాహం తిరిగి రావడానికి నెలలు పడుతుంది. ఆ నీరసాన్ని సోమరితనం అనుకోకండి. పూర్తిగా కోలుకున్నాకే పంపుదామని ఏడాదులు ఇంట్లో కూర్చోబెట్టడమూ మంచిది కాదు. ముందు ఒకటి రెండు సబ్జెక్టులు, ఉదయం మాత్ర మత్తు ఉంటే మధ్యాహ్నం క్లాసులు, పరీక్షలో అదనపు సమయం కోసం సర్టిఫికెట్ అడగండి. మందు రాత్రి ఒకే పూట వేసుకునేలా మార్చడంతోనే కొందరికి ఉదయపు మగత పోతుంది.

ఒకటి మాత్రం కనిపెట్టి ఉండండి. ‘నాకు ఏం జరిగిందో’ అర్థమయ్యే కొద్దీ కొందరు కుంగిపోతారు. మొదటి ఏడాదిలో ఆత్మహత్య ముప్పు ఎక్కువ. బతికి ఏం లాభం అన్న మాట ఒక్కసారి అన్నా, అలాంటి ఆలోచన దాచేసినట్టు అనిపించినా, ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. అధిక జ్వరంతో పాటు ఒళ్లు కొయ్యబారినా, మెడ పక్కకు తిరిగి పట్టేసినా, కళ్లు పైకి నిలిచిపోయినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లి, ఏ మాత్ర ఎంత డోసులో వాడుతున్నాడో ముందే చెప్పండి.