విరేచనాలు ఆగిన మర్నాడే వార్డు డ్యూటీకి వెళ్ళొచ్చా? – సమాధానం

చెల్లీ, నిన్న రాత్రి దాకా విరేచనాలయ్యాయి, రేపు పిల్లల వార్డులో నర్సింగ్ స్టూడెంట్‌గా డ్యూటీ, హాజరు పోతుందని టెన్షన్‌గా ఉందన్నావు. రేపు వెళ్ళకు. చివరి విరేచనం అయ్యాక 48 గంటలు గడవాలి. నీకు ఒంట్లో తేలికపడినా మలంలో క్రిములు ఇంకా బయటికి వస్తూనే ఉంటాయి. గిన్నెలో పాలు కలిపి చెంచాతో పట్టే నీ చేతుల మీదుగా అవి నెలల బిడ్డకు చేరితే, ఆ బిడ్డ పూటలో వాడిపోతుంది. శానిటైజర్‌ని నమ్ముకోకు, సబ్బుతోనే కడుక్కో.

జ్వరమైతే పారాసెటమాల్ వేసుకోకుండానే 24 గంటలు జ్వరం లేకుండా ఉంటేనే డ్యూటీకి వెళ్ళాలి. మన రాయగడ, కొరాపుట్ వైపు చలిజ్వరమంటే ముందు మలేరియాకి రక్తపరీక్ష చేయించుకోవాలి. అది దగ్గితే, ముట్టుకుంటే అంటేది కాదు గానీ, వణుకుతూ మందు డోసు ఎలా లెక్కకడతావు?

హాజరు సంగతి. బీఎస్సీ నర్సింగ్‌లో పరీక్షకు కూర్చోడానికి 80 శాతం ఉండాలి. క్లినికల్, అంటే వార్డు డ్యూటీల హాజరు మాత్రం డిగ్రీ చేతికొచ్చేలోపు నూరు శాతం పూర్తి చేయాలి, కాబట్టి పోయిన డ్యూటీ తర్వాత చేయాల్సిందే, చేసుకోవచ్చు కూడా. ఈ రాత్రే మీ ఇన్‌స్ట్రక్టర్‌కి ఫోన్ చేసి, ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగాయో చెప్పి, అదే మెసేజ్ కూడా పెట్టు. ఓఆర్ఎస్ తాగుతూ ఉండు.