స్పితి దారిలో నేను చూసిన రుజువులు

హిమాలయాలు సముద్రం అడుగు నుంచి లేచాయని, ఆ తర్వాత హిమానీనదాలు వాటిని చెక్కాయని చదివారట. కంటితో చూడదగ్గ రుజువేమైనా ఉందా అని మీ ప్రశ్న. ఉంది. నేను భూగర్భ శాస్త్రవేత్తను కాను. మూడేళ్ల క్రితం ఆగస్టులో మనాలి నుంచి హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయకు వెళ్లినప్పుడు చూసిందీ, తిరిగొచ్చాక చదివిందీ చెబుతాను.

దారిలో ఛత్రు అనే ఊరు దాటాక మా జీపు టైరు పంక్చరైంది. చంద్రా నది పక్కన గంటసేపు కూర్చున్నాం. రోడ్డు కోసం కోసిన కట్టలో పిండిలాంటి మట్టి, గులకరాళ్లు, బీరువా అంతేసి బండలు కలగాపులగంగా కనిపించాయి. నది వేసే మేట ఇలా ఉండదు. నీరు చేటతో చెరిగినట్టు రాళ్లను ఒకచోట, ఇసుకను ఇంకోచోట వదులుతుంది. మంచు మాత్రం దొరికినదల్లా మోసుకొచ్చి, కరిగినచోట కుమ్మరించి పోతుంది. అదే మొరెయిన్. అయితే కొండచరియ విరిగిపడినా ఇలాంటి కుప్పే పడుతుంది కాబట్టి దీన్ని చూసి తొందరపడకూడదు. నన్ను ఒప్పించింది పక్కనున్న రాతిపరుపు. నున్నగా అరిగిన దాని మీద, లోయ సాగిన దిశలోనే వరుసగా గీతలు. గోరు పెడితే తగిలేంత లోతు. హిమానీనదం అడుగున ఇరుక్కున్న రాళ్లు ఉప్పుకాగితంలా రాసుకుపోయిన గుర్తులవి. ఇలాంటి బండలు మంచు కింద నుంచి బయటపడ్డాక, అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాల వల్ల వాటిలో పేరుకున్న బెరీలియం-10 అనే ఐసోటోపును (ఒక రకం పరమాణువులను) కొలిచి, మంచు ఎప్పుడు తప్పుకుందో కూడా లెక్కగడతారు.

సముద్రం సంగతి స్పితిలోని కాజా పట్టణానికి ఎగువన, సుమారు 4,400 మీటర్ల ఎత్తులోని లాంగ్జా గ్రామంలో తెలిసింది. ఒక పిల్లవాడు అరచేతిలో నల్లరాయి పెట్టుకుని చూపించాడు. రెండుగా పగిలిన రాయి, లోపల చుట్టలు తిరిగిన గవ్వ. చూడగానే మా అమ్మమ్మ పూజామందిరంలోని సాలగ్రామం గుర్తొచ్చింది. పోలిక ఊరికే రాలేదు: నేపాల్‌లోని గండకీ నదిలో దొరికే సాలగ్రామాలూ ఇలాంటి అమ్మోనైట్ల (అంతరించిపోయిన, చుట్టల గవ్వ ఉన్న సముద్రజీవుల) శిలాజాలే. ఒకప్పుడు భారత్‌కూ ఆసియాకూ మధ్య ఉన్న టెథిస్ సముద్రంలో సుమారు 15 కోట్ల సంవత్సరాల క్రితం బతికిన జీవులవి. భారత ఫలకం, అంటే మన దేశాన్ని మోస్తూ మెల్లగా కదిలే భూమి పైపొర ముక్క, వెళ్లి ఆసియాను ఢీకొన్నది దాదాపు 5 కోట్ల సంవత్సరాల క్రితం. మధ్యనున్న సముద్రపు అడుగు ముడతలు పడి పైకి లేచింది. ఎవరెస్టు కొనమీద ఉన్నది కూడా సముద్రంలో ఏర్పడిన సున్నపురాయే.

ఒక్క మాట: ఆ గవ్వ చెప్పేది రాయి పుట్టిన చోటు మాత్రమే. అది ఎప్పుడు, ఎంత వేగంగా పైకి వచ్చిందో చెప్పదు. ఇప్పటి వేగం కావాలంటే జీపీఎస్ కొలతలు ఉన్నాయి. హిమాలయాల్లో కొన్నిచోట్ల నేల ఇంకా ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు లేస్తూనే ఉంది.