గురక పెట్టే ఆవుకు పేడ పరీక్ష చాలదు

ప్రశ్న: మా ఆవు రెండు నెలలుగా గురక పెడుతోంది. చిక్కటి చీమిడి, అప్పుడప్పుడు అందులో రక్తపు చారలు. ఐవర్‌మెక్టిన్ వేయించినా తగ్గలేదు. పేడ పరీక్షలో ఏమీ లేదన్నారు. పక్కనే కట్టేసే గేదె బాగానే ఉంది. ఇది గురక వ్యాధేనా?
— పాడి రైతు, కృష్ణా జిల్లా

జవాబు: లక్షణాలు దానివే, కానీ వెతికిన చోటు తప్పు. గురక వ్యాధి తెచ్చే షిస్టోసోమా నాసేల్ అనే చదును పురుగు ముక్కులోపలి సిరల్లో ఉంటుంది. దాని గుడ్లు చీమిడిలో వస్తాయి. ఐవర్‌మెక్టిన్ గుండ్రటి పురుగుల మందు, ఇలాంటి చదును పురుగుల మీద పనిచేయదు.

చీమిడిని వెడల్పు మూతి సీసాలో పట్టండి. పలచన చేయాలంటే లీటరుకు 9 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లే వాడాలి. మామూలు నీళ్లు పోస్తే గుడ్లు పొదిగి పిల్లలు బయటికొచ్చేస్తాయి, ల్యాబ్‌లో ఖాళీ పెంకులే మిగులుతాయి. అక్కడ చీమిడికి సమానంగా 10 శాతం కాస్టిక్ పొటాష్ ద్రావణం కలిపి, జిగురు కరిగాక సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగు మడ్డిని చూడాలి. 10ఎక్స్ లెన్స్ చాలు. గుడ్డు సుమారు 0.35 మిల్లీమీటర్ల పొడవుంటుంది, బూమరాంగ్‌లా వంగి కొనదేలి కనిపిస్తుంది.

పొడవు ఒక్కటే చూసి జాతి చెప్పేయకూడదు. పేగు సిరల్లో ఉండే షిస్టోసోమా స్పిండేల్ గుడ్డూ అంత పొడవుండొచ్చు. అయితే అది కదురు ఆకారంలో, ఒక పక్క చదునుగా ఉంటుంది, పేడలో వస్తుంది. పేగు సిరల్లోనే ఉండే మరో జాతి షిస్టోసోమా ఇండికమ్ గుడ్డు చిన్నది, కోలగా, చివర ముల్లుతో ఉంటుంది. ఈ రెండింటికీ పేడను ఉప్పునీటితో కడిగి మడ్డి చూడాలి. గుడ్లు బరువు గనక తేల్చే పద్ధతిలో దొరకడం కష్టం. ఒకసారి కనిపించలేదని వదిలేయకుండా రెండు మూడుసార్లు చేయించండి. ముక్కు జలగ, ముక్కులో పెరిగే ఇతర కండలు కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి టార్చి వేసి లోపల చూడమని డాక్టరుని అడగండి.

గేదె చీమిడీ పంపండి. గేదెలకు లక్షణాలు పెద్దగా కనబడవు గానీ చెరువులోకి గుడ్లు వదిలి నత్తలకు అంటించేది అవే కావచ్చు. ఈ పురుగు పిల్లలు నత్తల్లో పెరిగాకే మళ్లీ పశువులకు అంటుకుంటాయి.

ప్రశ్న: టాంజానియాలో పనిచేసి వచ్చిన మా అబ్బాయికి మూత్రం చివర్లో రక్తం పడుతోంది. ఇది మా పశువుల నుంచి అంటిందా?
— ఒక తల్లి, కరీంనగర్

జవాబు: కాదమ్మా. మన పశువుల్లో ఉండే షిస్టోసోమా జాతులు మనిషి చర్మంలో దూరినా లోపల ఎదగలేవు. చెరువులో, వరిమడిలో దిగినవాళ్లకు కాళ్ల మీద దురద, పొక్కులు వస్తాయి, అంతే. టాంజానియాలో ఉండే షిస్టోసోమా హిమటోబియం వేరు, మూత్రాశయపు సిరల్లో చేరుతుంది. పగలు 10 నుంచి 2 గంటల మధ్య, చివరి ధారతో సహా మూత్రం పట్టించండి. గుడ్డుకు చివర ముల్లుంటే అదే. పక్కకు ముల్లున్నది షిస్టోసోమా మాన్సోనై అనే మరో జాతి, దానికి మల పరీక్ష చేయాలి. ఈ పురుగులకు ప్రాజిక్వాంటెల్ అనే మందు సాధారణంగా కిలో బరువుకు 40 మిల్లీగ్రాములు ఇస్తారు. లేత పురుగుల మీద అది సరిగా పనిచేయదు గనక ఎప్పుడివ్వాలో డాక్టరే నిర్ణయించాలి. గుడ్లు కనిపించకపోతే రాళ్లు, కణితుల కోసం స్కానింగ్ తప్పనిసరి.